చెంప మీద చెయ్యి

మౌలాలీకి ఫొటో తీయడం వచ్చుగానీ మనుషుల్ని కూర్చోబెట్టడం రాదు. నల్లగుడ్డ కింద తల పెట్టాడంటే ఎదురుగా ఉన్నది మనిషన్న సంగతే మర్చిపోయేవాడు. "కదలొద్దు! ఊపిరి బిగబట్టు! కళ్ళు ఆర్పొద్దు!" అని కేకలేసేవాడు. ఆ కేకలకు కుర్చీలో కూర్చున్నవాడు కాస్తా కొయ్యబారిపోయేవాడు. నరసరావుపేటలో స్టేషన్ రోడ్డు మీద అతని స్టూడియోలో ఫొటో దిగిన ప్రతివాడూ పోలీసు ఠాణాలో నిలబెట్టినట్టే పడేవాడు. మగవాళ్ళు అదే దర్జా అనుకుని పటం కట్టించుకునేవాళ్ళు. ఆడవాళ్ళయితే ఆ గడపే తొక్కేవాళ్ళు కాదు.

యుద్ధం వచ్చాక కథ మారింది. పల్నాడు పల్లెల్లోని కుర్రాళ్ళు చాలామంది పటాలంలో చేరి ఎక్కడెక్కడికో పోయారు. అక్కడి నుంచి పెళ్ళాల ఫొటోలు పంపమని ఇళ్ళకు కబుర్లు పెట్టడం మొదలుపెట్టారు. అట్లా ఒకరోజు రెంటచింతల నుంచి ఆరోగ్యమ్మ అనే అమ్మాయి మామను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త శౌరి అస్సాం వైపు రోడ్లు వేసే పటాలంలో ఉన్నాడు. మౌలాలీ ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, తల సరిచేద్దామని గడ్డం కింద వేలు పెట్టబోయాడు. ఆమె దిగ్గున లేచి గోడకు అంటుకుపోయి ఏడుపు లంకించుకుంది. మామ చేతికర్ర ఎత్తాడు.

ఆ గొడవ విని స్టూడియో వెనక ఇంట్లోంచి మౌలాలీ భార్య రషీదా వచ్చింది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూనే, "నువ్వు అవతలికి పోవయ్యా" అని మొగుడిని బయటికి పంపింది. ఆరోగ్యమ్మకు మంచినీళ్ళిచ్చింది. పెద్దాయన్ని బల్ల మీద కూర్చోబెట్టింది. తర్వాత ఫొటో ఊసే ఎత్తకుండా, వాళ్ళ ఊళ్ళో వానలెట్లా ఉన్నాయో, ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతూ కూర్చుంది. మాటల్లో పడి ఆ పిల్ల భుజాలు ఎప్పుడు కిందికి జారాయో ఆ పిల్లకే తెలియదు.

"మీ ఆయన వాకిట్లో నిలబడి పిలిచాడనుకో. ఎట్టా తిరిగి చూస్తావు?" అంది రషీదా.

ఆరోగ్యమ్మ సిగ్గుపడి తల తిప్పింది.

"ఆఁ, అట్టానే ఉండు." రషీదా మొగుడిని పిలిచింది. అతను వచ్చి ఫొటో తీశాడు.

ఆ ఫొటో రెంటచింతల కోమటిబజారు నుంచి మాదిగపల్లె దాకా చేతులు మారిందట. వారం తిరక్కుండా స్టూడియో ముందు ఆడవాళ్ళ బళ్ళు ఆగడం మొదలైంది.

రషీదా దూదేకుల ఇంటి పిల్ల. పుట్టిల్లు మాచర్ల. చదువు లేదు. ఫొటోల పని ఎవరూ నేర్పలేదు. మొగుడు తీసిన ఫొటోలు ఆరేసేటప్పుడు చూసి చూసి, ఏ మొహం ఎందుకు బాగా పడలేదో తనలో తనే ఆలోచించుకునేది. అంతే. వచ్చినవాళ్ళను ముందు మొహం కడుక్కోమనేది. "పసుపు ఫొటోలో నల్లగా పడుద్దమ్మా, మళ్ళీ ఇంటికి పోయి రాసుకుందువుగాని" అనేది. కుర్చీలో వెనక్కు ఆనుకోనిచ్చేది కాదు. అంచున కూర్చోబెట్టి, ఒళ్ళు ఒక పక్కకు తిప్పి, మొహం మాత్రం ఇవతలికి తిప్పమనేది. లావుగా ఉన్నామని దిగులుపడేవాళ్ళకు ఆ ఒక్క తిప్పుతోనే సగం దిగులు తీరిపోయేది. గడ్డం రవ్వంత దించమనేది, చూపు దించనిచ్చేది కాదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక పిడికిళ్ళు బిగించేవాళ్ళకు ఒక పువ్వో, చంటిబిడ్డ చొక్కానో ఇచ్చేది. మెడ పొట్టిదైతే కొంగు భుజం మీదికి కాస్త జార్చేది. అన్నిటికంటే ముందు ఆ మనిషిని మాట్లాడించేది. మాటకూ మాటకూ మధ్య మొహం ఒకసారి తేటపడుతుంది. ఆ క్షణం కోసం కాచుకుని మొగుడికి కళ్ళతో సైగ చేసేది.

ఇంత చేసినా గోడ మీద బోర్డులో మౌలాలీ పేరే ఉండేది. రషీదాకు ఆ ధ్యాసే లేదు. అతను ఆపేక్ష గల మనిషి. బజారుకు పోతే ఆమెకు మల్లెపూలు తేకుండా రాడు. నలుగురిలో నవ్వుతూ నవ్విస్తూ ఉంటాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె అతని దగ్గర ఒక్క మాట కూడా దాచి ఎరగదు.

ఆ ఏడు మాఘమాసంలో, బళ్ళ బజారులో ఉండే వీరరాఘవమ్మ తన కూతుర్ని తీసుకుని వచ్చింది. కూతురు పేరు శేషారత్నం. గురజాల దగ్గర ఒక పల్లెలో పెద్ద రైతుల ఇంటికి ఇచ్చారు. తమ్ముడి పెళ్ళికని పుట్టింటికి వచ్చింది. మంచి రంగు, తీరైన మొహం. చంకలో ఏడాది దాటిన ఆడపిల్ల.

శేషారత్నం పిల్లను తల్లికిచ్చి బయట కూర్చోమంది. లోపలికి వచ్చాక, "అక్కా, తలుపేస్తావా?" అంది.

రషీదా తలుపు వేసింది. శేషారత్నం చెంబులో నీళ్ళు తీసుకుని, కొంగు తడిపి, ఎడమ దవడ మీది పసుపు తుడిచింది. చెవి కింద, దవడ ఎముక దగ్గర అణా బిళ్ళంత తెల్లమచ్చ.

"దసరాకు మొదలైంది," అంది. "మా ఆయనకు తెలుసు. గుంటూరు నుంచి మందు తెప్పిస్తన్నాడు. అమ్మకు తెలుసు. ఇప్పుడు నీకు తెలిసింది. ఇంకెవరికీ తెలవదు. మా అత్తకు తెలిసిందంటే పిల్లను నా ఒళ్ళో ఉండనివ్వదు."

"ఇది అంటుకునే జబ్బేం కాదంటారు గదమ్మా."

"అనేవాళ్ళు అంటారు. మా ఇంట్లో వినేవాళ్ళు లేరు." ఆమె మచ్చ మీద వేలు పెట్టి చూసుకుంది. "పిల్ల పెద్దదయ్యేసరికి నా మొహం ఎట్టా అవుద్దో. అమ్మ ఇట్టా ఉండేదని చూసుకోడానికి దానికి ఒకటుండాల గదా. అందుకని వచ్చా. రెండు ఫొటోలు చాలు. ఒకటి నాకు, ఒకటి అమ్మకు. ఫొటో పడిన అద్దం ప్లేటు కూడా నాకే ఇచ్చేయి. ఇంకెక్కడా ఉండొద్దు."

"ఇస్తా. నాది పూచీ," అంది రషీదా.

ముందు ఆ పక్క కనపడకుండా మొహం తిప్పించి చూసింది. మచ్చ కనపడలేదుగానీ, ఏదో దాస్తున్నట్టు చూపు బెదిరిపోయింది. కిటికీ తెర జరిపి వెలుగు తగ్గించి చూసింది. అదీ కుదరలేదు. చివరికి కుర్చీ పక్కన చిన్న బల్ల వేసి, "రాత్రిపూట పిల్ల నిద్దరపోయేటప్పుడు పక్కన ఎట్టా కూర్చుంటావో అట్టా కూర్చోమ్మా," అంది.

శేషారత్నం ఒక్క క్షణం ఆలోచించింది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఎడమ చెంప అరచేతికి చేర్చి, కొద్దిగా ముందుకు వంగింది. మచ్చ సరిగ్గా చేతి కిందికి పోయింది.

"వేళ్ళు నొక్కొద్దు. చెంప బరువంతా చేతి మీద వెయ్యొద్దు, ఊరికే తాకాల. చిటికెన వేలు కాస్త విడవనీ. చెయ్యి పక్కవాటంగా ఉండనీ, లేకపోతే మొహం కంటే చెయ్యే పెద్దదిగా పడుద్ది." రషీదా రెండడుగులు వెనక్కు వేసి చూసింది. "ఇప్పుడు చెప్పు, పిల్ల నిద్దట్లో నవ్వుద్దా?"

"నవ్వుద్ది. పెదాలు ఇట్టా..." అంటూ శేషారత్నం పెదవులు మెదిలాయి.

రషీదా తలుపు తీసి మొగుడిని పిలిచింది.

ఆ సాయంత్రం మౌలాలీ కడిగిన ప్లేటు వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత, "మొహం అద్భుతంగా పడిందే. ఆ చెయ్యే అడ్డం. రేపు మళ్ళీ రమ్మను, చెయ్యి తీసేసి ఇంకోటి తీస్తా," అన్నాడు.

"వద్దులే. ఇదే బాగుంది."

"ఏం బాగు? అంత చక్కటి దవడ గీత. దాన్ని కప్పెడతారా ఎవరన్నా? నేనే పోయి వీరరాఘవమ్మగారితో చెప్తాలే."

అతను నిజంగానే పోయేట్టున్నాడు. రషీదాకు ఇక తప్పలేదు. అసలు సంగతి చెప్పింది. చెప్పి, "నీ నోటి నుంచి బయటికి రాకూడదు," అంది.

"నేనేమన్నా చిన్నపిల్లోడినా? నీ మీద ఒట్టు, ఎవరికీ చెప్పను," అన్నాడు మౌలాలీ, ఆమె నెత్తిన చెయ్యి పెట్టి.

రెండు ఫొటోలు తయారయ్యాయి. ప్లేటు అడిగితే, కడిగేటప్పుడు జారి పగిలిందన్నాడు. రషీదా నమ్మింది. ఫొటోలు తీసుకుని వీరరాఘవమ్మ ఇంటికి తనే పోయింది. శేషారత్నం ఫొటో చూసుకుని, కళ్ళకు అద్దుకుని, "నేను ఇంత బాగుంటానా అక్కా?" అంది. ప్లేటు పగిలిందంటే, "పోనీలే, మంచిదే అయింది," అంది. మర్నాడు అత్తగారి ఊరికి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాక రషీదా చెల్లెలి పురుటికి మాచర్ల పోయింది. బాలింత లేచి తిరిగిందాకా ఉండి, తొలకరి పడ్డాక రైలెక్కి తిరిగి వచ్చింది. స్టేషన్‌లో దిగి, నెత్తిన మూట పెట్టుకుని నడుచుకుంటూ స్టూడియో ముందుకు వచ్చి నిలబడిపోయింది.

వాకిటి పక్క అద్దాల బీరువాలో, ఇదివరకు దర్జాగా కూర్చున్న ప్లీడరుగారి పటం ఉండే చోట, శేషారత్నం ఉంది. కిటికీ రెక్కంత చేసి రంగులద్దారు. పెదాలకు ఎరుపు, రవికకు పచ్చ, చెంపకు గులాబి. ఇద్దరు ఆడవాళ్ళు అద్దం దగ్గర నిలబడి, ఒకామె తన చెంప మీద చెయ్యి పెట్టుకుని రెండో ఆమెకు చూపిస్తోంది.

మౌలాలీ బయటికి వచ్చాడు. మొహమంతా నవ్వే. "చూశావా? ఊరు ఊరంతా ఇక్కడే ఉంటంది. అందరికీ చెయ్యి ఫొటోనే కావాలంట!"

"ప్లేటు పగిలిందన్నావు."

"పగలగొట్టబుద్ధి కాలేదే. నా చేతి మీదుగా అంత మంచి బొమ్మ ఇంతవరకు పడలా."

రషీదా మూట దించింది. బీరువా తలుపు తీసి, ఆ పటం రెండు చేతుల్తో ఎత్తుకుని లోపలికి పోయి, మొహం గోడవైపుకు తిప్పి పెట్టింది. మౌలాలీ వెంటపడి గొణిగాడు. బజారులో కరెంటు దీపాలతో కొత్త స్టూడియో పెట్టారని, జనం అటు పోతుంటే చూస్తూ కూర్చోమంటావా అని, పేరు రాయలేదు గదా అని. రషీదా ఆ పూట అతనితో మాట్లాడలేదు. పటం తీసేశాంగదా, ఇంతటితో పోయింది అనుకుంది. అబద్ధమాడాడన్న బాధ తప్ప ఇంకేం లేదు అప్పటికి.

మర్నాడు మిషన్ స్కూలు టీచరు రూతమ్మ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. మొహం నిండా స్ఫోటకం మచ్చలు. ఎన్నో ఏళ్ళుగా ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయిందట. కుర్చీలో కూర్చుని, సిగ్గుపడుతూ, చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

"నాకిన్ని మచ్చలున్నాయి, ఒక్క చెయ్యి చాలదేమో అమ్మా," అని నవ్వింది. "అయినా మీ ఆయన సమర్థుడు. గురజాల వైపు పెద్దింటి కోడలికి బొల్లి మచ్చుంటే, చెయ్యి పెట్టించి మాయం చేశాడంట గదా."

రషీదా చేతిలో ఉన్న దువ్వెన ఆగింది. "ఎవరు చెప్పారు రూతమ్మగారూ?"

"ఆయనే. మా హెడ్మాస్టరుగారి కుటుంబం ఫొటోకు వచ్చినప్పుడు మేమందరం ఇక్కడే ఉన్నాం. ఆ పటం చూపించి చెప్పాడు. 'ఆ అమ్మాయిని చూడంగానే నాకు తట్టింది, చెయ్యి ఇట్టా పెట్టమన్నా' అని. ఏం, ఎందుకట్టా అయిపోయావు?"

రషీదా పోయి గడప మీద కూర్చుంది. రూతమ్మ కుర్చీ దిగి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. జరిగిందేమిటో విన్నాక ఆమె కూడా చెంప మీది చెయ్యి తీసేసింది. "నేను ఇంకో రోజు వస్తాలే తల్లీ," అని వెళ్ళిపోయింది.

మౌలాలీ డార్కు రూములోంచి వచ్చేసరికి రషీదా లేచి నిలబడి ఉంది.

"ఎంతమందికి చెప్పావు?"

అతను ముందు బుకాయించాడు. తర్వాత విసుక్కున్నాడు. "చెప్తే ఏమైంది? పేరు చెప్పలా."

"ఫొటో ఎదురుగా పెట్టుకుని ఇంక పేరెందుకయ్యా?"

"ఒట్టి చెయ్యి ఫొటో అంటే ఏముంది గొప్ప? దాని కింద మచ్చ ఉందంటేనే గదా, పనితనం ఏందో జనానికి తెలిసేది! కొత్త స్టూడియోవాడికి చేతనవుద్దా అది?"

"నీకు చేతనయిందా?"

అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. రషీదా దగ్గరికి వచ్చింది. "నా మీద ఒట్టేశావు. నా నెత్తిన చెయ్యి పెట్టి."

"వేశా. నీకేమన్నా అయిందా మరి? నిక్షేపంగా ఉన్నావు గదా," అని నవ్వబోయాడు మౌలాలీ.

ఆ నవ్వు చూశాక రషీదాకు కోపం కూడా రాలేదు. ఇన్నేళ్ళూ ఒకే కంచంలో తిన్న మనిషి ఎవరో దారినపోయేవాడిలా కనిపించాడు. తను చెప్పిన ప్రతి మాటా ఇతను ఎక్కడెక్కడ పరిచి అమ్ముకున్నాడో అనిపించింది. చెల్లెలి సంసారం మాటలు, తనకు బిడ్డలు కలగని బాధ, అన్నీ.

ఆమె నేరుగా వీరరాఘవమ్మ ఇంటికి పోయింది. వాకిట్లో గింజలు చెరుగుతున్న వీరరాఘవమ్మ ఆమెను చూసి చేట పక్కన పెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"అత్తా, నాకు ఇవాళే తెలిసింది," అంది రషీదా.

"మాకు నెల కిందటే తెలిసింది," అంది వీరరాఘవమ్మ. "అల్లుడి వైపు పాలివాడొకడు కోర్టు పని మీద ఇక్కడికొచ్చాడు. మా కోడలి ఫొటో ఇక్కడెందుకుందని ఆగాడంట. నీ మొగుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడంట. వాడు పోయి మా వియ్యపురాలి చెవినేశాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, వాకిట్లో అందరి ముందూ నా కూతురి మొహం తనే కడిగింది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్లను లాగేసుకున్నారు. నా కూతుర్ని కొట్టం పక్క గదిలో వేశారు. కంచం వేరు, చెంబు వేరు. అల్లుడు తల్లికి ఎదురుచెప్పలేక తల వంచుకు తిరుగుతున్నాడు."

"నేనొకసారి పోయి..."

"పోయి ఏం చేస్తావు? నీ మొహం చూడాలని లేదు నాకు. లేచి పో."

అయినా రషీదా పోయింది. స్టూడియో అరలన్నీ వెతికి ఆ ప్లేటు పట్టుకుని, పాత గుడ్డలో చుట్టుకుని, మాచర్ల రైలెక్కి గురజాలలో దిగింది. అక్కడి నుంచి పత్తి బండి ఒకటి ఆ పల్లె దాకా తీసుకుపోయింది. ఆ ఇంటి అరుగు మీద శేషారత్నం అత్తగారు కూర్చుని ఉంది. ఎవరు నువ్వంటే, నరసరావుపేట నుంచి వచ్చాననగానే ఆవిడకు అర్థమైంది.

"ఫొటోల మనిషివా? అదిగో, ఆ పక్కనుంది పో. ఇటు పక్క మాత్రం అడుగు పెట్టమాక," అంది.

కొట్టం పక్క గదిలో పత్తిగింజల రాశి, పాత నాగళ్ళు ఉన్నాయి. ఒక మూల చాప. శేషారత్నం గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. మొహానికి పసుపు లేదు. మచ్చ దవడ దాటి మెడ మీదికి దిగింది. పెద్దింట్లోంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఆ ఏడుపు వినపడ్డప్పుడల్లా ఆమె చేతులు ఆగి మళ్ళీ కదులుతున్నాయి.

రషీదాను చూసి ఆమె లేవలేదు.

"నేను ఎవరికీ చెప్పలేదమ్మా," అంది రషీదా. "మా ఆయనకు తప్ప. ఆ చెయ్యి తీసేసి మళ్ళీ ఫొటో తీస్తానని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాల్సొచ్చింది. ఒట్టేయించుకునే చెప్పా."

శేషారత్నం మిరపకాయ తొడిమ తుంచింది. "మీ ఆయనకెందుకు చెప్పావక్కా?"

రషీదా రైల్లో ఎన్నో సమాధానాలు అనుకుంది. "మొగుడు గదా అని," అంది చివరికి.

"నేనూ అట్టాగే. ఆడది గదా అని నీకు చెప్పా."

రషీదా గుడ్డ విప్పి ప్లేటు ఇచ్చింది. శేషారత్నం దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. ప్లేటు మీద మొహమంతా నల్లగా, జుట్టంతా తెల్లగా ఉంది. ఎవరిదో ముసలామె బొమ్మలాగా ఉంది. ఆమె దాన్ని పక్కనే మట్టి నేల మీద పెట్టేసింది.

"మీ అత్తగారితో నేను మాట్లాడనా? అంటుజబ్బు కాదని పేటలో డాక్టరమ్మ చేత చెప్పిస్తా. తీసుకొస్తా ఇక్కడికి."

"వద్దు." శేషారత్నం మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "నువ్వు మంచిదానివే అక్కా. నాకు తెలుసు. అయినా నువ్వు కనపడితే నాకు ఆ పూట గుర్తొస్తది. తలుపేసుకుని నీ ముందు మొహం తుడుచుకున్నది గుర్తొస్తది. ఇంకెప్పుడూ రాకు. ఇవాళ నువ్వొచ్చి పోయినందుకు కూడా నేను మాటలు పడాల."

రషీదా లేచింది. బండి దాకా నడుస్తుంటే వెనక పిల్ల ఏడుపు ఇంకా వినపడుతూనే ఉంది.

నరసరావుపేట తిరిగి వచ్చాక ఆమె స్టూడియో లోపలికి అడుగు పెట్టలేదు. రోజూ పొద్దున్నే వాకిట్లో ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. ఆడవాళ్ళ బండి ఆగితే లేచి ఎదురుపోయి, "అమ్మా, ఇక్కడ లోపల చెప్పుకున్న మాట బయటికి పోతుంది. చూసుకుని రండి," అని చెప్పేది. అరిచి కాదు, దారి అడిగినవాళ్ళకు చెప్పినంత మామూలుగా. కొందరు వెనక్కు తిరిగేవాళ్ళు. కొందరు పిచ్చిదనుకుని లోపలికి పోయి, మౌలాలీ కేకలకు కొయ్యబారి, మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు.

మౌలాలీ బతిమాలాడు, తిట్టాడు, ఒకసారి చెయ్యి కూడా ఎత్తాడు. ఆమె కదల్లేదు. చివరికి తన పెద్దన్న ఖాదర్ వలిని పిలిపించాడు. ఖాదర్ వలి నెమ్మదస్తుడు. బావా మరదళ్ళలా కాకుండా తండ్రీకూతుళ్ళలా రషీదాతో మాట్లాడేవాడు.

"ఏందమ్మా ఇది? మొగుడి కడుపు మీద కొట్టుకుంటారా ఎవరన్నా?" అన్నాడు.

"ఆయన కొట్టిన చోట ఒక పిల్లతల్లి పిల్లకు దూరమైంది బావా. నేను కొట్టినచోట ఏం పోయింది? నాలుగు ఫొటోలు."

"నా తప్పేనంటున్నా గదా," అన్నాడు మౌలాలీ. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ కన్నీళ్ళు నిజమైనవేనని రషీదాకు తెలుసు. "ఇంక చెప్పను. ఎవరి మాటా చెప్పను. లోపలికి రా."

"నువ్వు నాకు చేసింది ఏదో ఒకరోజు మర్చిపోతానేమో. నా చేత ఆమెకు చేయించావు చూడు, అది నేను మర్చిపోలేను," అంది రషీదా.

ఖాదర్ వలి టీ తాగి లేచి వెళ్ళిపోయాడు.

ఆ దసరా వెళ్ళాక మౌలాలీ స్టూడియో మూసేసి, కెమేరా పెట్టెలో సర్దుకుని, గుంటూరులో ఇంకొకరి దగ్గర పనికి పోయాడు. స్టేషన్‌కు పోయే ముందు వాకిట్లో నిలబడి రమ్మని మళ్ళీ అడిగాడు. రషీదా అతని అన్నం గిన్నె మూట కట్టి ఇచ్చింది. అతనితో మాత్రం పోలేదు.

రూతమ్మ మాట సాయంతో ఆమెకు మిషన్ ఆసుపత్రిలో ఆయా పని దొరికింది. పురుళ్ళ వార్డులో. అక్కడ ఆడవాళ్ళు నొప్పుల్లో ఏవేవో చెప్పుకునేవాళ్ళు. రషీదా వినేది, చెమట తుడిచేది, నీళ్ళు పట్టేది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక చెప్పుకోడానికి ఎవరూ లేరు. అది నయమే అనుకునేది. కొన్ని రాత్రులు అట్లా అనుకోలేకపోయేది.

యుద్ధం అయిపోయిన మరుసటేడు, ఒక పొద్దున బజారులో ఉల్లిపాయలు బేరమాడుతుంటే వీరరాఘవమ్మ ఎదురైంది. తప్పుకుపోతుందనుకుంది. పోలేదు. బాగా చిక్కిపోయి ఉంది.

"ఎట్టా ఉంది అత్తా, అమ్మాయి?" అని అడిగింది రషీదా.

"మా అల్లుడికి ఇన్నాళ్ళకు నోరు పెగిలింది," అంది వీరరాఘవమ్మ. "నాగేశ్వరరావు మెత్తన అనుకున్నాం గదా. తల్లితో తెగతెంపులు చేసుకుని, పొలంలో రెండు గదుల ఇల్లు వేశాడు. పెళ్ళాన్ని, పిల్లని అక్కడికి తీసుకుపోయాడు. మచ్చ మొహమంతా పాకింది. పిల్లకు మొదట్లో భయమేసేది, తల్లిని గుర్తుపట్టలేదు. ఇప్పుడు అలవాటైంది."

రషీదా చేతిలోని ఉల్లిపాయ తిప్పి చూసింది. "నా మాట ఎప్పుడన్నా అడిగిందా?" అంది.

వీరరాఘవమ్మ ఆమె మొహంలోకి చూసింది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టే ఉంది.

"లేదమ్మా," అంది. "అడగలేదు."

రషీదా తలూపింది. ఉల్లిపాయలు కొంగులో పోయించుకుని, ఆసుపత్రికి పొద్దుపోతుందని చెప్పి, జనంలోంచి దారి చేసుకుంటూ నడిచింది.